పదక్రీడయు దాని సాధనములును

గడచిన డిసెంబరు మాసమున మా పాఠశాలలో జరిగిన స్క్రాబుల్ పందెముల కడపటి దినమున రెండు సంగతులు సంభవించినవి. ఒకటి అందఱికిని సంతోషము కలిగించినది. రెండవది ఆట నడిపిన మమ్ము తల వంచుకొనునట్లు చేసినది. ఈ రెండింటిని గూర్చియు ఊరిలో పలువిధములుగా చెప్పుకొనుచున్నారు. తలిదండ్రులలో కొందఱు మాకు ఉత్తరములు వ్రాసిరి. కొందఱు బడి గేటునొద్దనే నిలిపి యడిగిరి. కావున మా యభిప్రాయమును ఈ సంచికయందే వెల్లడించుట యుచితమని తలంచితిమి.

ఆట నెఱుగని చదువరులకు ముందుగా కొంత చెప్పవలసి యున్నది. పలకమీద అడ్డముగా పదునైదు, నిలువుగా పదునైదు, వెరసి 225 గళ్లుండును. సంచిలో ఇంగ్లీషు అక్షరముల బిళ్లలు నూఱు ఉండును. వానిలో రెండింటిపై నేమియు వ్రాసియుండదు. వానిని ఏ యక్షరముగానైనను వాడుకొనవచ్చును. ఆటగాడు సంచిలోనికి చూడకుండ ఏడు బిళ్లలు తీసికొని, వానితో మాటను కూర్చి, పలకమీద నదివఱకున్న మాటలతో కలియునట్లు పేర్చవలెను. ఎల్లయెడల కనబడు ‘ఈ’ వంటి అక్షరమునకు ఒకటే పాయింటు. అరుదుగా దొరకు ‘క్యూ’, ‘జెడ్’ అక్షరములకు పదేసి పాయింట్లు. కొన్ని గళ్లలో అక్షరము విలువయో, మాట విలువయో రెండు రెట్లు, మూడు రెట్లు అగును. ఏడు బిళ్లలును ఒక్క వంతులో దింపినవానికి ఏబది పాయింట్లు అదనముగా నిత్తురు.

ఇక మొదటి సంగతి. తొమ్మిదవ తరగతి బాలుడొకడును పదవ తరగతి బాలికయు ఎదురెదురుగా కూర్చుండిరి. బాలిక తన మొదటి యెత్తుగా ‘కూట్’ అను మాటను నడిమి గడి మీదుగా పేర్చి పండ్రెండు పాయింట్లు గడించెను. కూట్ అనగా చెఱువులలో తిరుగు నొక నల్లని నీటిపక్షి. బాలుడు తన బిళ్లలను కొంతసేపు అటునిటు కదిపి, బి, ఏ, ఎన్, డి, ఐ అను నైదింటిని తీసి ఆ మాటకు ముందు వరుసగా పెట్టెను. ‘బ్యాండికూట్’ అయ్యెను. మొదటి బిళ్ల పలక యంచునందలి మూడు రెట్ల గడిలో పడుటచే ఆ యొక్క యెత్తునకే 48 పాయింట్లు వచ్చినవి. బాలిక అది మాట కాదని అభ్యంతరము చెప్పెను. మధ్యవర్తి నిఘంటువు తెఱచి చూడగా మాట యున్నది. ఉండుటయే కాదు, అది మన తెలుగు ‘పందికొక్కు’ నుండియే ఇంగ్లీషులోనికి పోయినదని నిఘంటుకారులు వ్రాసియున్నారు. ఇది నీకెట్లు తెలిసెనని బాలుని నడిగితిమి. “మా హాస్టలు వంటింట్లో ఉన్నాయి కదండీ. సైన్సు మాస్టారు వాటినే ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటారని చెప్పారండీ” అనెను. హాలులోని వారందఱు నవ్విరి. హాస్టలు మేనేజరుగారు మాత్రము నవ్వలేదు.

రెండవ సంగతి అదే దినము మధ్యాహ్నము జరిగినది. వేఱొక బల్లయొద్ద నాడుచున్న బాలుడొకడు మంచినీళ్ల కని రెండుసార్లు లేచి వెళ్లెను. రెండుసార్లును తిరిగి వచ్చినంతనే ఏడు బిళ్లలును దింపెను. మూడవసారి లేచినపుడు మధ్యవర్తి వెనుకనే పోయి చూడగా, బాలుడు వరండా స్తంభము చాటున తండ్రిగారి సెల్ ఫోను తెఱచి తన యేడక్షరములను దానిలో కొట్టుచుండెను. ఏ యక్షరములిచ్చినను వానితో కూడు మాటలన్నియు క్షణములో చూపు ప్రోగ్రాములు ఫోనులందు గలవు. ఆ యాట ఓడినట్లు వ్రాసి, వానిని పందెమునుండి తొలగించితిమి. పేరు ఈ పత్రికలో రాదు; ఇంతకు మించిన శిక్ష యవసరమని మేము తలంపలేదు. కాని యెందులకిట్లు చేసితివని యడిగినపుడు వాడు చెప్పిన సమాధానము మమ్ము విడువలేదు. “అందరూ ఇళ్లలో కంప్యూటర్ల మీద నేర్చుకొని వచ్చారండీ. నాకు ఈ ఫోనొక్కటే ఉంది, అదీ నాన్న పనినుంచి వచ్చాకే.”

పిమ్మట వచ్చిన యుత్తరములలో మూడు విధములైన వాదములు గలవు. ఈ యాటయే వలదు, పిల్లలకు మోసము నేర్పుచున్నదని కొందఱు. ఫోనును నిషేధించిన మీరు కంప్యూటరులో కంఠస్థము చేసిన మాటల పట్టికలను మాత్రము ఏల యొప్పితిరి, రెండును యంత్రసాయమే కదా యని కొందఱు. నేటి దినములలో యంత్రము లేని పని లేదు, అందఱికిని ఫోనులిచ్చి ఆడనిండని ఇరువురు. కడపటి వాదమునకు మేము చెప్పవలసినది స్వల్పము. అందఱును ఫోను చూచి యాడినచో ఆడునది ఫోనులు. పిల్లలు బిళ్లలను మోయు కూలీలగుదురు. నడిమి వాదము మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానికి బదులు చెప్పవలెనన్న ఈ యాటకు సాధనములెట్లు వచ్చినవో, అవి చేయుపని యేమియో కొంచెము విచారింపవలెను.

ఆట పుట్టినదే యొక సాధనముతో. న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీ పట్టణమున పుట్టిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అను నాయన కట్టడముల నక్షాలు గీయువాడు. 1930 ప్రాంతమున అమెరికాలో వచ్చిన ఆర్థికమాంద్యములో ఉద్యోగము పోగా, ఊరకుండలేక ఒక మాటల ఆటను కల్పింప బూనెను. ఏ యక్షరములెన్ని యుండవలెనో తేల్చుటకు ఆయన వాడినవి పెన్సిలును వార్తాపత్రికయును. న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటలో అక్షరములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టెను. అందుచేతనే నేటికిని సంచిలో ‘ఈ’లు పండ్రెండు, ‘ఏ’లు తొమ్మిది, ‘ఐ’లు తొమ్మిది, ‘క్యూ’ యొక్కటియే. ‘ఎస్’ ఎంత తఱుచైనను నాలుగింటితో సరిపెట్టెను. లేనిచో ప్రతి మాటకును చివర ఎస్ తగిలించి బహువచనము చేసికొని సోమరులు గెలుతురని ఆయన భయము. ఆట కొనువారు లేక చాలకాలము మూలబడియుండెను. 1948లో జేమ్స్ బ్రూనో అను నాయన దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టి, కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూటౌనులో తయారుచేయ మొదలిడెను. 1949లో 2,400 పెట్టెలు చేసి 450 డాలర్లు నష్టపోయెను. ఇతరుడైనచో అక్కడితో మానుకొనియుండును. మఱి నాలుగేండ్లకు అమెరికాలో దుకాణములవారు సరకు చాలక పేచీ పడునంతటి గిరాకి వచ్చినది.

నేడు పెద్ద పందెములలో వాడుక నున్న సాధనములను చూచిన మా పిల్లలు ఆశ్చర్యపోవుదురు. చదరంగములో వలె జంట గడియారముండును. ఒక్కొక్క యాటగానికి ఇరువదియైదు నిమిషములు. ఆపైన గడచిన ప్రతి నిమిషమునకును పది పాయింట్లు కోత. బిళ్లలు నున్ననివి. చెక్క బిళ్లలలో అక్షరము కొంచెము గుంటగా నుండును గదా. సంచిలో చేయి పెట్టినవాడు వ్రేళ్లతో తడవి ఖాళీ బిళ్ల నేరుకొనగలడు. ఆ లోభమును నివారించుటకే యీ మార్పు. సంచిని కంటికంటె ఎత్తున పట్టుకొని బిళ్లలు తీయవలెనను నియమమును ఇందులకే. ఇంత చేసినను మనుష్యుని బుద్ధి వంకరకు అంతము లేదు. 2012లో ఓర్లాండో నగరమున జరిగిన అమెరికా జాతీయ పందెములలో చిన్నవయస్సువాడైన యాటగాడొకడు ఖాళీ బిళ్లలు దాచి పట్టుబడి వెడలగొట్టబడెను. అక్కడ ఫోను లేదు, కంప్యూటరు లేదు, బిళ్ల చాలినది. మోసము యంత్రముతో వచ్చినదను తలిదండ్రులు ఈ సంగతి గమనింప గోరుచున్నాము.

బల్లయొద్ద అనుమతింపబడు కాగితమొకటి కలదు. దానిపై నూఱు బిళ్లల అక్షరములును వరుసగా అచ్చుపడియుండును. ఎవరే బిళ్ల దింపినను ఆటగాడు దాని నొక గీటుతో కొట్టివేయుచుండును. సంచి ఖాళీ యైన తరువాత కొట్టివేయక మిగిలిన అక్షరములు, తన చేతిలోనివి పోగా, ఎదుటివాని చేతిలోనివే గదా! అప్పటినుండి ఆట జూదము కాదు, లెక్క యగును. ఇది చూచి యొక తండ్రి “అదీ చీటీయే కదండీ” యని మమ్ము నిలదీసెను. కాదు. ఆ కాగితము పలకమీద అందఱికిని కనబడుచున్న దానినే గుర్తుంచును. క్రొత్తమాట నొక్కదానిని చెప్పదు. కొట్టివేయుట మఱచినవానికి అది తప్పే చెప్పును. మా పందెములో నొక బాలిక ‘యూ’ నొకదానిని కొట్టివేయుట మఱచి, ఎదుటివాని చేతిలో లేని యక్షరమునకు భయపడి ఆట పోగొట్టుకొన్నది.

ఇప్పుడు మాటల పట్టికలు. అంతర్జాతీయ పందెములలో చెల్లు మాటలను కాలిన్స్ వారు గ్రంథముగా నచ్చువేయుదురు. అవి రెండులక్షల డెబ్బదివేలకు మించియున్నవి. వానిలో రెండక్షరముల మాటలు 2019 ముద్రణ ప్రకారము 127. క్రొత్తగా నేర్చువాడు ముందుగా అభ్యసింపవలసినవి యివియే. ‘క్యూ, ఐ’ అనునది చీనావారు చెప్పు ప్రాణశక్తి; ‘యూ’ లేక చేతిలో చిక్కుపడిన క్యూను వదలించుకొనుటకు దానివంటిది లేదు. ‘ఏ, ఏ’ అనునది హవాయి దీవులలో గరుకుగా గడ్డకట్టిన లావా పేరు. ఇట్టివి రానివాడు రెండు మాటలను ప్రక్కప్రక్కనే ఆనించి పెట్టలేడు. పలకమీద వానికి త్రోవయే దొరకదు.

ఆపైన పొడుగు మాటలు. పందెగాండ్రు వీనిని నిఘంటువు క్రమమున గాక వేఱొక క్రమమున అభ్యసింతురు. మాటయందలి అక్షరములను ముందుగా అకారాదిగా పేర్చి వ్రాసికొని, ఆ గుంపును చూచిన వెంటనే దానిలోని మాటలన్నియు స్ఫురించునట్లు సాధన చేయుదురు. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అను నేడింటిని తీసికొనుడు. ‘రిటెయిన్స్’ అనగా నిలుపుకొనును. ‘రెటినాస్’ అనగా కంటి లోపలి పొరలు. ‘నాస్టియర్’ అనగా మఱింత చెడ్డది. ఇంకను అరడజను మాటలకు తక్కువ గాక ఆ యేడింటిలోనే యున్నవి. సాధన లేనివానికి అవి యేడు బిళ్లలు. ఉన్నవానికి తెఱచిన పుస్తకము. ఇట్లు పరీక్ష పెట్టు ప్రోగ్రాములలో ప్రసిద్ధమైనదాని పేరు జిజీవా. అదియొక పురుగు పేరు. ఇంగ్లీషు నిఘంటువులలో పెక్కింటికి కడపటి మాట. ఆ మాటను పలకపై పేర్చవలెనన్న ఉన్న యొక్క జెడ్డుతో పాటు ఖాళీ బిళ్లలు రెండును కావలెను. ఎవరును పేర్చగా మేము చూడలేదు. ఆ ప్రోగ్రాము తప్పిన మాటను మఱునాడే తిరిగి యడుగును. ఒప్పిన మాటను వారము తరువాత, మాసము తరువాత అడుగును. మంచి ఉపాధ్యాయుడు చేయుపనియే.

ఇంకొక జాతి ప్రోగ్రాములు తామే ఆడును. 1980 దశకమున బ్రయన్ షెపర్డ్ అను నాయన వ్రాసిన మేవెన్ అనునది మొదట పేరుపొందినది. తరువాత వచ్చిన క్వాకిల్ 2006లో టొరాంటో నగరమున డేవిడ్ బాయిస్ అను 1995 నాటి ప్రపంచవిజేతను ఓడించినది. ఇది పనిచేయు విధము వినదగియున్నది. తన ముందున్న యెత్తులలో మంచివి కొన్ని యేరి, ఎదుటివాని చేతిలో నుండదగిన బిళ్లలను ఊరకనే తోచినట్లు పంచి, ఒక్కొక్క యెత్తు తరువాత ఆట ఎట్లు పోవునో రెండు మూడు వంతులు ముందునకు ఆడిచూచును. ఇట్లు వేలకొలది సారులు చేసి సగటు కట్టును. అట్లు లెక్కించుటచే మనుష్యులకు తెలిసివచ్చిన దేమనగా, ఇప్పుడు గడించిన పాయింట్లెంతయో చేతిలో మిగుల్చుకొన్న బిళ్లలును అంతే ముఖ్యము. ఖాళీ బిళ్లను దాచుకొన్నవాడు పాతిక పాయింట్లు దాచుకొన్నట్లే. నేటి పెద్ద యాటగాండ్రు పందెము ముగిసి ఇంటికి పోయి, ఆడిన యాటను ఈ ప్రోగ్రాములో పెట్టి తమ తప్పులను వెదకుకొందురు. అది చూడవలసిన సమయము ఆట ముగిసిన తరువాతనే.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఫోనును పట్టికయు నొకటేనా? మా యభిప్రాయమును మన దేశపు ఆచారమును బట్టియే చెప్పెదము. అష్టావధానము చేయు కవి యింటి యొద్ద ఎన్ని కావ్యములు చదివినను, ఎన్ని నిఘంటువులు తిరుగవేసినను ఎవరును తప్పుపట్టరు. చదువకున్న యెడలనే తప్పు. కాని సభలో కూర్చుండిన తరువాత చేతిలో కాగితముండదు, కలముండదు. నిషిద్ధాక్షరి యడుగువాడు అక్షరమక్షరమునకు అడ్డుపడుచుండ, అవధాని తన లోపల నున్న దానితోనే దారి వెదకుకొనును. వేదిక మీద చీటీ చూచి పద్యము చెప్పినవానిని అవధాని యని యెవరందురు? సాధనము వేదిక యెక్కక, అది యిచ్చినది మాత్రము మనిషితో కూడ ఎక్కినచో, ఆ సాధనము గురువు. సాధనమే వేదిక యెక్కవలసి వచ్చినచో, అది యాడుచున్నది. మేము పట్టికల నొప్పి ఫోనును నిషేధించుటకు కారణమిదియే. యంత్రమా కాగితమా అనునది కాదు లెక్క. పట్టికను కాగితముమీద వ్రాసికొని జేబులో పెట్టుకొని వచ్చినవానిని గూడ మేము లేపివేయుదుము.

అర్థము తెలియక మాటలు వల్లించుట వ్యర్థమను నాక్షేపణము మా తోటి యుపాధ్యాయులలోనే యున్నది. దీనిని మేము తేలికగా తీసికొనలేదు. న్యూజీలాండు దేశీయుడైన నైజెల్ రిచర్డ్స్ ఇంగ్లీషు స్క్రాబులులో 2007, 2011, 2013, 2018, 2019 సంవత్సరములలో ప్రపంచవిజేత. ఆయన 2015లో ఫ్రెంచి మాటల పట్టికను సుమారు తొమ్మిది వారములలో కంఠస్థము చేసి, ఫ్రెంచి మాటలాడ నేరకయే ఫ్రెంచి ప్రపంచవిజేత యయ్యెను. 2024లో స్పెయిను దేశమందలి గ్రనాడాలో స్పానిషు పందెమును గూడ గెలిచెను. థాయిలాండు నుండి పానుపోల్ సుజ్జయకోర్న్ 2003లోను, పకోర్న్ నెమిత్రమాన్‌సుక్ 2009లోను ప్రపంచవిజేతలైరి. ఇంగ్లీషు వారి యింటి భాష కాదు. 2015లో నైజీరియా దేశీయుడు వెల్లింగ్టన్ జిగెరె ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున గెలిచి ఆఫ్రికా ఖండమునకు మొదటి బిరుదు తెచ్చెను.

ఈ వృత్తాంతములనుండి మేము గ్రహించినది తలిదండ్రులకు కొంత రుచింపకపోవచ్చును. ఈ యాట ఇంగ్లీషు నేర్పదు. పందెములు మొదలిడిన నాడు, ఇంగ్లీషు బాగుపడునని మేమే నోటీసు బోర్డుమీద వ్రాయించితిమి. అది తొందరపాటు. ఫ్రెంచి రానివాడు ఫ్రెంచి పందెము గెలువగలిగినపుడు, ఆ యాటకు కావలసినది భాష కాదు, అక్షరముల కూర్పును జ్ఞాపకమును లెక్కయును. ఇంగ్లీషు రావలెనన్న పుస్తకము చదువవలెను, వ్యాసము వ్రాయవలెను, తప్పు దిద్దించుకొనవలెను. దగ్గఱి త్రోవ లేదు. అయినను అర్థములేని వల్లెవేత పూర్తిగా వృథా యని మేమొప్పము. మన వీధిబడులలో పిల్లలు అమరము నర్థము తెలియకయే వల్లించిరి. చాలమందికి అది నోటితోనే పోయినది, కొందఱికి మాత్రము ఇరువదియేండ్లు గడచి కావ్యము పట్టినపుడు ఆ మాటలు ఒక్కొక్కటిగా మేల్కొన్నవి. పందికొక్కు మాటయు నట్టిదే. ఆ బాలునికది పట్టికనుండి వచ్చినది కాదు. బియ్యపు బస్తాల ప్రక్కనుండి వచ్చినది. అందుచేతనే యేమో, ఆ దినము పలకపై పడిన మాటలన్నిటిలో మాకు జ్ఞాపకమున్నది అదొక్కటే.

మోసము నేర్పుచున్నదను మొదటి యాక్షేపణమునకు మూలమైన నియమమొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. స్క్రాబులులో లేని మాటను పేర్చుట నిషిద్ధము కాదు. ఎదుటివాడు అభ్యంతరము చెప్పినచో మాట తీసివేయబడి వంతు పోవును, చెప్పనిచో నిలుచును. అభ్యంతరము చెప్పినవాడు పొరబడినచో, అమెరికాలో వాని వంతు పోవును. అంతర్జాతీయ పందెములలో కొన్ని పాయింట్లు మాత్రము పోవును. తెలిసి తెలిసి లేని మాట పెట్టుట అబద్ధమాడుట కాదా యని మా పెద్దలలో నొకరు అడిగిరి. మాలో మాకు ఏకాభిప్రాయము కుదరలేదు. నియమము ఇరువురకును తెలిసియున్నందున అది చదరంగములో ఎర వంటిదని కొందఱము. ఎర వేయువాడు కనబడు బంటునే పెట్టును గాని లేని బంటును పెట్టడని మఱికొందఱము. కడకు ఎనిమిదవ తరగతి వఱకు వాదించినవారికి ఏ నష్టమును లేకుండ చేసితిమి. అడుగుటకు భయపడని పిల్లలయెదుట లేని మాట నిలువదు. పెద్ద తరగతులకు అంతర్జాతీయ నియమమునే యుంచితిమి. ఇది సరియో కాదో వచ్చు సంవత్సరము చూతము.

ఇక మమ్ము విడువని మాట. పట్టుబడిన బాలుని తండ్రి మఱునాడు మమ్ము చూడవచ్చెను. ఆయన కుట్టుపని చేయువాడు. కొడుకు చేసినది తప్పని ముందుగానే యొప్పుకొనెను. పిమ్మట, “మాస్టారూ, లిస్టులు చదవమంటున్నారు. ఆ లిస్టు కంప్యూటర్లో ఉందంటున్నాడు మావాడు. మాకు కంప్యూటరెక్కడిదండీ? ఉన్నవాళ్ల పిల్లలే గెలుస్తారు మరి” యనెను. మేమాయనకు బదులు చెప్పలేకపోతిమి. గెలిచినవారి జాబితాను తీసి చూడగా, మొదటి యెనమండుగురిలో ఏడుగురి యిండ్లలో కంప్యూటరున్నది. ఎనిమిదవవాడు పందికొక్కు బాలుడు. సాధనము ఇంటనుండుట న్యాయమే యని మేము పైన వాదించితిమి. కాని యది కొందఱి యింటనే యుండుట న్యాయమని యెట్లు వాదింతుము? బల్లయొద్ద అందఱిని సమానులను జేయు గడియారమును, నున్నని బిళ్లలను తెచ్చుటకై మేము చందాలు ప్రోగుచేసితిమి. బల్లకు వచ్చుటకు ముందు ఆఱు మాసములు వారెట్లు గడపుదురో విచారింపలేదు. తప్పులో సగము మాది. ఆ బాలుని తప్పు దీనివలన తగ్గదు. మా తప్పు మాత్రము వాని తప్పుచాటున దాగరాదు.

కావున పాఠశాలవారిని మేము కోరినవి రెండు. మాటల పట్టిక పుస్తకము గ్రంథాలయమున నుండవలెను. సాయంకాలము ఆఱు గంటల వఱకు గది తెఱచియుండవలెను. ప్రయోగశాలలోని కంప్యూటరులలో రెండింట అభ్యాసపు ప్రోగ్రాము పెట్టి, ఇంట కంప్యూటరు లేనివారికి ముందుగా వంతు ఇయ్యవలెను. ఆ ప్రోగ్రాము ఉచితముగనే దొరకును గనుక ఇందుకు ఖర్చు లేదు; గది తాళముచెవి యెవరియొద్ద నుండవలెననుటయే ఇప్పటికి తేలని విషయము.

తెలుగులో ఇట్టి యాట యేల లేదని పిల్లలు తఱుచు అడుగుచున్నారు. ఇంగ్లీషువారికి ఇరువదియాఱు అక్షరములతో పని తీరినది. మనకు ఒక్క కకారమునకే గుణింతమంతయు నున్నది, ఆపైన ఒత్తులు. ‘స్త్రీ’ అను నొక్క యక్షరమునకు ఎన్ని బిళ్లలు? ఒక్కటియా, సకార తకార రేఫములకు మూడును దీర్ఘమునకు నాలుగవదియునా? గుణింతములన్నిటికిని వేఱు బిళ్లలు చేసినచో సంచి చాలదు, గోనె కావలెను. మాటల సంగతి అంతకంటె చిక్కు. ‘రాముడు’ సరే, ‘రామునితో’ అనునది మాటయా, రెండు మాటలా? ‘వచ్చెదననెను’ అని యొక గడుసువాడు పేర్చినచో మధ్యవర్తి యేమి చేయవలెను? అయినను అసాధ్యమని మేమనము. బట్స్ చేసినట్లు వార్తాపత్రిక మొదటి పుట తీసికొని, ఏ హల్లులు, ఏ గుణింతపు గుర్తులు, ఏ ఒత్తులు ఎన్నేసి వచ్చుచున్నవో లెక్కపెట్టువారు ముందు కావలెను. పెన్సిలును పాత పత్రికయు చాలును. వేసవి సెలవులలో ఎవరైన చేసి తెచ్చినచో, ఆ లెక్కను వచ్చు సంచికలో వారి పేరుతో నచ్చువేయుదుము.

రెండక్షరముల మాటలు నూట యిరువదియేడింటిని తొమ్మిదవ తరగతి బాలికలు అర్థములతో సహా అట్టమీద వ్రాసి గ్రంథాలయపు తలుపునకు తగిలించిరి. కుట్టుపనివాని కుమారుడు రోజును బడి విడిచిన తరువాత అక్కడ నిలుచుండి నోటుపుస్తకములో ఎక్కించుకొనుచున్నాడు. నిన్నటికి ‘ఎమ్’ వఱకు వచ్చినాడు. అట్టమీద ‘క్యూ’ వరుసను ఎవరో అప్పుడే చింపుకొని పోయినారు. తెచ్చి యిచ్చినచో ఏమియు ననము.